మన ఊరి రేడియో: ఓర్వకల్లు నుంచి మాచునూరు దాకా

(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పోయిన సంవత్సరం సర్వసభ్య సమావేశములో జమాఖర్చులు చదవడం అయిపోయి చాయ్ వచ్చే సమయానికి, వెనుక వరుసలో నుంచి ఒక అబ్బాయి లేచి "మనకొక రేడియో ఉంటే బాగుంటుంది కదా" అన్నాడు. కొందరు నవ్వినారు. "ఇప్పుడు రేడియో ఎవరు వింటారప్పా, అందరి చేతిలో ఫోనుంది" అన్నారొక పెద్దాయన. "పెడితే ఆదోనిలో పెట్టాలా, ఎమ్మిగనూరులో పెట్టాలా?" అని ఇంకొకరు అడిగేసరికి నవ్వులు ఎక్కువై ఆ మాట అక్కడికి పోయింది. పోయిందనే మేమూ అనుకున్నాము. కార్యదర్శి గారు మాత్రం దానిని మినిట్సు పుస్తకములో వ్రాసిపెట్టినారు. ఈ ఏడు ఆ పుస్తకం తెరిచి, "మాస్టర్ సాబ్, దీని సంగతేమిటో కనుక్కొని నాలుగు మాటలు చెప్పండి" అని మాకు అప్పగించినారు. మేము రేడియో ఇంజనీర్లము కాము. ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవాళ్లము. మా తెలుగులో అక్కడక్కడా తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించవలెను.

మొదట మా ఇంటి రేడియోతో మొదలుపెడతాము. మా చిన్నతనములో ఎమ్మిగనూరులో మా అమ్మగారి పుట్టింట్లో గోడకు ఒక చెక్క పలక, దాని మీద ఒక మర్ఫీ రేడియో, దాని మీద అమ్మమ్మ అల్లిన గుడ్డ. పక్కింట్లో మగ్గము. మగ్గము చప్పుడులో రేడియో వినబడదు కనుక ఎప్పుడూ గొంతు పెంచే ఉంచేవారు. ఆ రేడియోతో పాటు ఒక చిన్న పుస్తకము కూడా భద్రంగా ఉండేది. రేడియో లైసెన్సు పుస్తకమన్నమాట. ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి ముద్ర వేయించుకోవాలి. మాకు తెలివి వచ్చేనాటికే, 1980లలో, ఆ లైసెన్సు రద్దయింది. అయినా మా తాతగారు ఆ పుస్తకాన్ని పారేయలేదు. ఎవరైనా వచ్చి అడిగితే చూపించాలి కదా అనేవారు. వినడానికే సర్కారు అనుమతి కావలసిన కాలము చూసిన మనిషి. ఆయనకు రేడియోలో మాట్లాడే ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ పెట్టెలో ఏమి వినేవాళ్లము? ప్రొద్దున సిలోను పాటలు. తరువాత 1957లో మొదలైన వివిధ భారతి. రాత్రి హైదరాబాదు కేంద్రము నుంచి ఉర్దూలో 'నైరంగ్' వచ్చేది. ఆ సమయానికి మగవాళ్లందరూ అరుగు మీదికి చేరేవారు. అమీన్ సయానీ సాహెబ్ గొంతు సంగతి చెప్పనవసరము లేదు. 1952లో సిలోనులో మొదలైన ఆయన గీత్‌మాలా 1989లో వివిధ భారతికి వచ్చిన తరువాత మేమూ విన్నాము. 2024 ఫిబ్రవరిలో ఆయన పోయినారన్న కబురు వచ్చినరోజు మా స్టాఫ్ రూములో ముగ్గురు ఉపాధ్యాయులు ఒకరి ముఖము ఒకరు చూసుకొని కూర్చున్నారు. తెలుగుకైతే కడప కేంద్రముండేది, 1963లో పెట్టినది. ఇంతమంది మాట్లాడినా ఆదోని పేరు మాత్రం మాకు ఒక్కచోటనే వినబడేది. బజారు ధరలలో! పత్తి క్వింటాలు ఇంత, వేరుశనగ ఇంత. మన ఊరు రేడియోలో ఒక ధరగా ఉండేది. మన ఊరి మనిషి ఉండేవాడు కాదు.

ఇందులో ఆకాశవాణి వారి తప్పేమీ లేదు. దేశమంతటికీ కలిపి కొన్ని కేంద్రాలు ఉంటే ఒక్కొక్క పట్టణమును ఎక్కడ పట్టించుకుంటారు? ఆ సంగతి వాళ్లకే తెలిసి, 1984 అక్టోబరు 30న తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రము తెరిచినారు. తరువాత మన రాష్ట్రములో 1986లో ఆదిలాబాదు, 1991లో అనంతపురము, ఆ రోజుల్లోనే మన కర్నూలు. జిల్లాకొక గొంతు వచ్చింది. మంచిదే. అయితే మన కర్నూలుది ఎఫ్‌ఎమ్ కేంద్రము. మీడియం వేవ్ అయితే తరంగము నేలను పట్టుకొని పోతుంది, రాత్రిపూట పైన ఆకాశములోని పొరకు తగిలి ఎక్కడో దూరాన దిగుతుంది. అందుకే హైదరాబాదు, సిలోను మనకు రాత్రుళ్లు బాగా వచ్చేవి. ఎఫ్‌ఎమ్ అట్ల కాదు. దీపము వెలుగు మాదిరి దాదాపు నేరుగా పోతుంది, అడ్డము వస్తే ఆగుతుంది. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు సుమారు 70 కిలోమీటర్లు, ఆదోని సుమారు 100. ఎమ్మిగనూరులో మిద్దె మీద వినబడినది ఆదోనిలో కోట కొండ చాటున గరగరలాడేది. జిల్లాకు రేడియో వచ్చినా జిల్లాలో పడమటి మూలనున్న మనకు అది సగమే వచ్చింది. ఇప్పుడు ఫోనులో ఆకాశవాణి వారి యాప్ ఉంది. ఏ కేంద్రమైనా వినవచ్చు. లండన్ కూడా వినవచ్చు. మనది మాత్రం వినలేము, ఎందుకంటే మనదంటూ లేదు.

రేడియో అంటే సర్కారు వారిది అనే మాట మన తలలో ఎంత గట్టిగా నాటుకుందంటే, అది మొదటి నుంచీ అట్ల లేదని చదివినప్పుడు మాకే ఆశ్చర్యమైంది. ఆదోని అప్పుడు మద్రాసు రాజధానిలో, బళ్లారి జిల్లాలో ఉండేది కదా. ఆ మద్రాసులో 1924లోనే కొందరు ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టుకున్నారు. డబ్బులు చాలక మూడేండ్లకు మూతపడింది. తరువాత 1930 నుంచి మద్రాసు నగర కార్పొరేషన్ వారే, అంటే మునిసిపాలిటీ వారే, రేడియో నడిపినారు. సాయంత్రము సంగీతము, బడి పిల్లలకు కార్యక్రమాలు. 1938 జూన్ 16న ఆకాశవాణి దానిని తీసుకున్నది. ఇటు తుంగభద్ర దాటితే హైదరాబాదు రాజ్యములో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరిలో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీలలో మాట్లాడేది. 1950 ఏప్రిల్ 1న అదీ ఆకాశవాణిలో కలిసింది. ఒక మునిసిపాలిటీ, ఒక క్లబ్బు రేడియో నడిపిన దేశము మనది. మధ్యలో మరచిపోయినాము.

ఇప్పుడు అసలు కథకు వస్తాము. ఇది దూరదేశపు కథ కాదు. మన జిల్లాలోనే, కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు. ఆ మండలములో ఆడవాళ్లు 1990లలో పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. రోజుకొక రూపాయి చొప్పున దాచి, అప్పులిచ్చుకొని, వడ్డీ వ్యాపారుల గడప తొక్కడము మానుకున్నవాళ్లు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి సాయము కొంత ఉండేది. మన సంఘములో కూడా వాళ్లను చూసే చిట్టీలు మానుకొని పొదుపు మొదలుపెట్టిన చెల్లెళ్లు ఉన్నారని విన్నాము.

ఆ ఓర్వకల్లు ఆడవాళ్లు 2002 అక్టోబరులో ఒక చిన్న ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్ పెట్టుకొని మాట్లాడడం మొదలుపెట్టినారు. పేరు 'మన రేడియో'. దాని శక్తి ఊరు దాటదు. మన మసీదు మైకు వినబడినంత దూరము అనుకోండి. ఊరిలోని ఆడవాళ్లే మాట్లాడేవారు, ఊరిలోవాళ్లే వినేవారు. కొన్ని నెలలు నడిచింది. 2003 మొదట్లో కేంద్ర ప్రభుత్వ అధికారులు వచ్చి, దీనికి లైసెన్సు లేదు, ఇది చట్టవిరుద్ధము అని ఆపించినారు. అంతే. ఆ రేడియో చరిత్ర అయిపోయింది. అర పేజీలో పట్టే చరిత్ర.

ఏ చట్టము? 1885 నాటి టెలిగ్రాఫు చట్టము. ఆ సంవత్సరము మార్కోనీకి పదకొండేండ్లు. వైర్‌లెస్ అనేది లోకములో లేదు. తీగల మీద తంతి పంపే రోజుల్లో దొరలు వ్రాసుకున్న చట్టము, నూట పదిహేడు సంవత్సరాల తరువాత ఓర్వకల్లు ఆడవాళ్ల దగ్గరికి వచ్చింది. అధికారులను మేము తప్పుబట్టడము లేదు. చట్టము ఉన్నది ఉన్నట్లు చేసినారు. ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేము. ఆ రేడియో నడుస్తున్న రోజుల్లోనే, 2002 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వము సమాజ రేడియోకు అనుమతి ఇస్తూ ఒక విధానము ప్రకటించింది. అయితే అది విద్యాసంస్థలకు మాత్రమే. విశ్వవిద్యాలయాలు పెట్టుకోవచ్చు. 2004 ఫిబ్రవరిలో మద్రాసు అన్నా విశ్వవిద్యాలయము వారు మొదట పెట్టినారు కూడా. పొదుపు సంఘములో వేలిముద్ర వేసే ఆడవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. చదువుకున్నవాళ్లకే గొంతు అన్నమాట. ఉపాధ్యాయులుగా మాకు ఇది కొంచెము సిగ్గు కలిగించింది.

దీనికి ముందే, 1995 ఫిబ్రవరి 9న, సుప్రీంకోర్టు ఒక తీర్పులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ వ్యాజ్యము రేడియో గురించి వచ్చినది కాదు. 1993లో కలకత్తాలో జరిగిన హీరో కప్ క్రికెట్టు ఆటను టీవీలో ఎవరు చూపించాలనే తగాదా! క్రికెట్టు పిచ్చి వల్ల పిల్లల చదువులు పాడైపోతున్నవని మేము రోజూ అంటుంటాము. ఈ ఒక్క విషయములో మాత్రము క్రికెట్టుకు రుణపడి ఉన్నాము. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తులలో పి.బి.సావంత్ గారు ఒకరు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తీర్పు వచ్చింది గాని లైసెన్సులు రాలేదు. కాబట్టి ఆ మధ్య కాలములో ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయము చేసినారు. కర్ణాటకలో కోలారు జిల్లా బూదికోట, మన హైదర్ అలీ పుట్టిన ఊరు, అక్కడ 2003లో 'నమ్మ ధ్వని' అని పెట్టినారు. గాలిలోకి వదిలితే చట్టము పట్టుకుంటుంది కనుక టీవీ కేబుల్ తీగ మీదనే మాటను ఇండ్లకు పంపినారు. హైదర్ అలీ ఊరివాళ్లు కదా, యుక్తి ఉంటుంది.

అన్నిటికంటే మాకు నచ్చిన కథ జహీరాబాదు దగ్గర మాచునూరుది. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, ఝరాసంగం మండలము. జహీరాబాదు ప్రాంతము మనలాంటిదే. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసిన సరిహద్దు నేల, వర్షాధారపు పంటలు, జొన్న రొట్టె. అక్కడ 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పేద దళిత ఆడవాళ్ల సంఘాలతో పని చేసింది. చిరుధాన్యాలు, పాత విత్తనాలు, బీడు భూములు, ఇవే వాళ్ల పని. సంస్థను నడిపించిన పి.వి.సతీష్ గారు 2023 మార్చిలో పోయినారు. ఆ ఆడవాళ్లు, మాకు మా రేడియో కావాలి అన్నారు. యునెస్కో సాయముతో 1990ల చివరలో మాచునూరులో స్టూడియో కట్టినారు. భవనము తయారు, రికార్డింగు యంత్రాలు తయారు, నేర్చుకున్న పిల్లలు తయారు. లైసెన్సు లేదు.

ఇట్లాంటప్పుడు మనమైతే ఏమి చేసేవాళ్లము? తాళము వేసి, తాళపు చెవి కోశాధికారి గారికి ఇచ్చి, ప్రతి సమావేశములో ఒక తీర్మానము చేసి మంత్రి గారికి పంపేవాళ్లము. (కోశాధికారి గారు నవ్వుతున్నారు.) వాళ్లు తాళము వేయలేదు. దాదాపు పది సంవత్సరాలు రికార్డు చేస్తూనే ఉన్నారు. ప్రసారము లేదు కనుక ఆ క్యాసెట్లను ఊరూరికి తీసుకొనిపోయి, సంఘము సమావేశములో టేపు రికార్డరు పెట్టి వినిపించేవారు. ఫలానా అవ్వ విత్తనాలు ఎట్ల దాస్తుందో ఆమె గొంతుతోనే పక్క ఊరివాళ్లు వినేవారు. పాటలు, పండుగలు, మందాకులు, కూలి మాటలు, ఇవన్నీ పోగుపడినవి. స్టేషను లేకపోయినా ఒక స్టేషను చేసే పని అంతా జరిగిపోతున్నది.

చివరకు 2006 నవంబరులో విధానము మారింది. విద్యాసంస్థలే కాకుండా, రిజిస్టరై మూడు సంవత్సరాలు దాటిన స్వచ్ఛంద సంస్థలు కూడా అడగవచ్చన్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో 'సంఘం రేడియో' 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. ప్రారంభించినది ఎవరు? సావంత్ గారే. తీర్పు వ్రాసి పదమూడేండ్ల తరువాత ఆయనే వచ్చి మీట నొక్కినారు. స్టేషను నడిపినవాళ్లు ఇద్దరు దళిత మహిళలు. ఇద్దరి పేరూ నరసమ్మే. ఒకరిని జనరల్ నరసమ్మ అని, ఇంకొకరిని ఊరి పేరుతో అల్గోల్ నరసమ్మ అని అంటారు. పొలము పని ముగించుకొని ఇంటికి చేరిన తరువాత వినేటట్లు రాత్రి 7 నుంచి 9 వరకు కార్యక్రమాలు పెట్టుకున్నారు. మనకైతే ఇషా నమాజు వేళ గుర్తుంచుకొని పెట్టుకోవాలి, అది వేరే సంగతి.

ఈ కథలో ఒక విషయము మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అది వాళ్ల భాష. మామూలు రేడియో తెలుగు వాళ్ల తెలుగు కాదు. అయినా రేడియో భాష నేర్చుకొని మాట్లాడదామని వాళ్లు అనుకోలేదు. తమ ఊరి మాటలోనే మాట్లాడినారు, తమ ఊరి మాటలోనే పాడినారు. వినేవాళ్లకు అదే కావలసింది.

మన సంగతి చూడండి. మన ఇండ్లలో మాట్లాడేది దక్కనీ. బడిలో మేము నేర్పేది లక్నో, ఢిల్లీల ఉర్దూ. పిల్లవాడు కాపీలో 'నక్కో' అని వ్రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టివేసి 'నహీఁ' అని వ్రాసినవాళ్లము మేమే. ఇరవై సంవత్సరాలుగా కొట్టివేస్తూనే ఉన్నాము. పరీక్షకు అది అవసరమే, కాదనము. అయితే కొట్టివేసీ కొట్టివేసీ, ఆ మాట తప్పు మాట అని పిల్లవాడికే కాదు, వాళ్ల నానీకి కూడా చెప్పినట్లయింది.

అది మాకు ఎట్ల తెలిసిందంటే చెబుతాము. మూడు సంవత్సరాల క్రితము ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చినాము. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పాత పాటలుంటే ఫోనులో రికార్డు చేసుకొని రమ్మన్నాము. విసుర్రాయి తిప్పుతూ పాడే చక్కీ పాటలు మన దక్కను ముస్లిం ఇండ్లలో ఎన్నో తరాల నుంచి ఉన్నవి. సూఫీల మాటలు, పీర్ల తలపు, పిండి పనిలోనే కలిపి ఆడవాళ్లు పాడుకున్నారు. పుస్తకాల్లో చక్కీనామా అంటారు, పరిశోధకులు దాని మీద వ్యాసాలు కూడా వ్రాసినారు. ముప్పై ఇద్దరు పిల్లల్లో పాటతో వచ్చినది నలుగురు. మిగతా వాళ్లను అడిగితే, నానీ పాడనన్నది, దాదీ సిగ్గుపడింది అన్నారు. ఒక పిల్ల ఇంటికి మేమే పోయినాము. ఆ నానీ తలుపు చాటున నిలబడి, "హమారీ బోలీ క్యా రికార్డు కర్తే మాస్టర్ సాబ్, రేడియో జబాన్ థోడీ హై" అన్నది. మాది రేడియో భాషా ఏమన్నా, దీన్నేమి రికార్డు చేస్తారు అని. మేము మాట్లాడలేకపోయినాము. ఆ ఎర్ర పెన్ను మా జేబులోనే ఉన్నది.

ఇక మన సంఘము రేడియో పెట్టగలదా? కాగితము మీద పెట్టగలదు. మన సంఘము రిజిస్టరై మూడేండ్లు ఎప్పుడో దాటింది. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కు అనుమతిస్తారు. అది పది, పదిహేను కిలోమీటర్లు వినబడుతుంది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య సుమారు 30 కిలోమీటర్లు కనుక ఎక్కడ పెట్టినా రెండో ఊరివాళ్లు వినలేరు. పోయిన సంవత్సరపు తగాదా ఊరికే తగాదా కాదన్నమాట. స్వంతముగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలైతే అట్లే వినిపించవచ్చు. కార్యక్రమాల్లో కనీసము సగము అక్కడ తయారైనవే ఉండాలి. ఇప్పుడు దేశములో ఇట్లాంటి స్టేషన్లు 500 దాకా ఉన్నవి.

కాని పెద్దలు ఒకటి ఆలోచించవలెను. స్టేషను పెట్టడము పెండ్లి వంటిది, నడపడము సంసారము. యంత్రాలకు ఎవరో ఒక దాత దొరకవచ్చు. నెలనెలా కరెంటు బిల్లు, ఇద్దరు పిల్లలకు జీతము, పాడైన భాగము మార్చడము, వీటికి దాతలు దొరకరు. మన స్కాలర్‌షిప్ నిధి నుంచి తీస్తామంటే మొదట అడ్డుపడేది మేమే. ఈ ఏడు ఇద్దరు ఆడపిల్లల ఇంటర్ ఫీజు దానితోనే కట్టినాము.

ఇంకొకటి. ఇది చెబితే కొందరికి నచ్చకపోవచ్చు. రేడియో వస్తే బయాన్లు పెట్టవచ్చునని ఒకరిద్దరు మాతో అన్నారు. దానికి మసీదు ఉంది, మైకు ఉంది. సహెరీకి లేపేది, తప్పిపోయిన పిల్లవాడి కబురు చెప్పేది, జనాజా ఎప్పుడో తెలిపేది ఆ మైకే. సమాజ రేడియో అనేది ఊరందరిదీ కావాలి, చట్టము ఉద్దేశము కూడా అదే. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆమె, ఎమ్మిగనూరులో మగ్గము నేసే కుర్ని ఆయన, సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయి వచ్చే కౌతాళము, కోసిగి కూలీలు, కన్నడము మాట్లాడే ఇండ్లు, వీళ్లందరి గొంతు అందులో ఉండాలి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సహకార సంఘము పెట్టినప్పుడు అది ఊరి పేరుతోనే పెట్టినారు. మనదొక్కరిదే అయిన రేడియోను మనమే వింటాము. నాలుగు నెలలకు మనమూ వినము.

కాబట్టి కార్యదర్శి గారికి మా నివేదిక ఇది. ఇప్పుడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టవద్దు. మాచునూరువాళ్లు ముందు పదేండ్లు చేసిన పని మనము ముందు ఒక ఏడాది చేద్దాము. దానికి సర్కారు అనుమతి అక్కరలేదు, డబ్బూ పెద్దగా అక్కరలేదు. పోయిన సంవత్సరము లేచి మాట్లాడిన ఆ అబ్బాయి, ఇంకా ఇద్దరు ఒప్పుకున్నారు. ఆడవాళ్ల దగ్గర రికార్డు చేయడానికి మా పాత విద్యార్థినులు ఇద్దరు వస్తామన్నారు. ఇంట్లోవాళ్లు సరే అన్న తరువాతనే రికార్డు, ఏది వినిపించాలో ఏది వద్దో చెప్పే హక్కు మాట్లాడిన మనిషిదే. చక్కీ పాటలొక్కటే కాదు. కరువు రోజుల్లో గంజి కేంద్రాలు చూసినవాళ్లు ఉన్నారు, మిల్లుల్లో నలభై ఏండ్లు చేసినవాళ్లు ఉన్నారు, బడి మానేసి సుగ్గికి పోయి మళ్లీ బడికి వచ్చిన పిల్లలు ఉన్నారు. ఒక నెల ఆదోనిలో, ఒక నెల ఎమ్మిగనూరులో, ఆదివారము అసర్ నమాజు తరువాత సంఘము హాలులో స్పీకరు పెట్టి వినిపిస్తాము. మన హాలు గేటు ఆరోజు ఎవరికైనా తెరిచే ఉండాలి. ప్రతి రికార్డుకు రెండు నకళ్లు, ఒకటి సంఘము బీరువాలో, ఒకటి మాట్లాడినవాళ్ల ఇంటికి. ఏడాది తరువాత హాలులో జనము ఉంటే అప్పుడు దరఖాస్తు మాట మాట్లాడుకుందాము. జనము లేకపోతే ఆ సంగతి కూడా తెలిసిపోతుంది.

ఎర్ర పెన్ను మాట చెప్పినాము కదా, ఆ నానీ సంగతి పూర్తి చేసి కూర్చుంటాము. మేము ఇంకా రెండుసార్లు పోయినాము. మూడోసారి మనుమరాలు పక్కన కూర్చుంటేనే పాడుతానన్నది. అప్పటికి ఇంట్లో విసుర్రాయి లేదు, ఎప్పుడో అమ్మేసినారు. వట్టి చేతిని నేల మీద గుండ్రముగా తిప్పుతూ పాడింది. పదకొండు నిమిషాలు. మధ్యలో కుక్కరు విజిలు రెండుసార్లు, బయట కోడి ఒకసారి. ఒకచోట మాట మరచిపోయి, మనుమరాలిని తిట్టి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. పోయిన రంజానుకు ముందు ఆమె అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయినారు. మా దగ్గరున్నది ఆ పదకొండు నిమిషాలే. నలుగురిలో వినిపించడానికి కొడుకు గారు అనుమతి ఇచ్చినారు, ఆయన ఈ సభలోనే ఉన్నారు.

సదర్ సాహెబ్ సెలవిస్తే అందులో మూడు నిమిషాలు ఇప్పుడు వినిపిస్తాము. ఆ ఫ్యాను కాస్త ఆపండి. మైకు ఫోనుకు దగ్గరగా పెట్టు బాబూ.